రాగిరేకులు, లక్కపలకలు

మన సంఘ వార్షికమహాసభా సంచికలయందు వంశచరిత్రములు, సత్రముల వృత్తాంతములు, దాతల పటములు, విద్యార్థివసతిగృహముల జమాఖర్చులు ప్రకటింపఁబడుట వాడుక. ఈ యేఁడు సంపాదకవర్గమువారు మమ్ముఁ జరిత్రవిషయక మగు వ్యాస మొకటి వ్రాయుఁడని కోరఁగా, మేము పూర్వుల భూములను గూర్చియు బిరుదములను గూర్చియుఁ గాక పాటలను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి. భూమికిఁ బట్టా కలదు. ధర్మమునకు శాసనము కలదు. పాట మాత్రము పాడినవాని యూపిరితోనే పోవును. దానిని నిలుపుటకు మన తిరుపతి చిత్తూరు సీమకు రెండు కాలములందు రెండు విధములైన పలకలు సాధనములైనవి. మొదటివి రాగివి, రెండవవి లక్కవి. మొదటివానిని వెదకి వెలికిఁ దెచ్చిన పెద్దల చరిత్రము పండితులెఱిఁగినదే. రెండవవానిని వెదకువారు నేఁటికిని కొలఁదిమందియే. ఈ రెంటిని నొక్కచోఁ జెప్పుట వింతగాఁ దోఁచవచ్చును గాని, మన పెద్దలు గ్రామఫోను ముద్రికలను “ప్లేట్లు” అనియే పిలిచెడివారని జ్ఞప్తికిఁ దెచ్చుకొనినచో నీ చుట్టఱికము మేము కల్పించినది కాదని స్పష్టమగును.

తిరుమల శ్రీవారి యాలయమున విమానప్రదక్షిణమార్గమందు, భాష్యకారుల సన్నిధికిఁ జేరువను, సంకీర్తనభాండారమను చిన్న రాతిగది యొకటి కలదు. తాళ్లపాక యన్నమాచార్యులు (1408–1503) స్వామివారిపై దినమున కొక్కటికిఁ దక్కువ గాకుండ పాట చెప్పినట్లు ప్రసిద్ధి. ఆయన మనుమఁడు చిన్నన్న ద్విపదగా రచించిన యన్నమాచార్యచరిత్రమునందు సంకీర్తనలసంఖ్య 32,000 అని చెప్పఁబడినది. కుమారుఁడు పెదతిరుమలాచార్యులు, మనుమఁడు చినతిరుమలాచార్యులు సయితము వాగ్గేయకారులే; భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణము రచించిన కవయిత్రి. తాళ్లపాకవా రొక కవి గారు, మూఁడు తరములు నడచిన మేళమని చెప్పిన నతిశయోక్తి గాదు. విజయనగరప్రభువుల యాదరమున సంపన్నుఁడై, తిరుమలలో పెక్కు కైంకర్యములు నెలకొల్పిన పెదతిరుమలాచార్యుఁడు తండ్రి పాటలను, తన పాటలను రాగిరేకులపైఁ జెక్కించెను. రేకునకు సాధారణముగా నాఱు పాటలు. ప్రతిపాటకుఁ దలపైన రాగము పేరు. మొదటి రేకున, పదునాఱేండ్ల ప్రాయమున శకవర్షము 1346 క్రోధిసంవత్సరమందు అన్నమాచార్యులకు స్వామి ప్రత్యక్షమైనది మొదలుకొని, దుందుభిసంవత్సర ఫాల్గుణ బహుళద్వాదశి వఱకుఁ జెప్పిన సంకీర్తనములని కాలనిర్దేశము సయితము కలదు. నేఁటి ముద్రికాసంస్థలవారు తమ సరకుపై వేయు తేదీలు నింత స్పష్టముగా నుండవు.

తరువాత నేమైనది? విజయనగరము పడిపోయినది, పాడువారి కైంకర్యము సన్నగిల్లినది, దేవస్థానాదాయము ఆర్కాటు నవాబుల చేతికి, 1801లో ఇంగ్లీషు కుంపిణీవారి చేతికి, 1843లో హాథీరాంజీ మఠ మహంతుల చేతికి మాఱినది. రేకులు గదిలోనే యుండెను. అవి యెవరికిని దెలియక యుండెననుటయుఁ బొరపాటు. 1816లో చెన్నపట్టణమున నాంధ్రవ్యాకరణమును ప్రకటించిన ఏ.డి. కాంబెల్ దొర తిరుపతి రాగిరేకులలోఁ బ్రాచీనవ్యాకరణ గ్రంథమున్నదని వినికిడి గలిగి, వానిని చూపించి పరీక్షింపించెను. వ్యాకరణము లేదు, దేవునిపై స్తుతిగీతములు మాత్రమే యున్నవని తేలఁగా నాతఁ డంతటితో విరమించెను. తెలుఁగుజాతి గానభాండారము చేతికంది, “పాటలే కదా” యని మరల గదిలో పెట్టఁబడిన దన్నమాట. దొరను నిందించుట మా యుద్దేశము గాదు. ఆతఁడు వెదకినది వేఱొకటి. వెదకువాని మనసులో లేని వస్తువు చేతఁబడినను గనఁబడదు. మన యిండ్ల యటుకలమీఁది ప్లేట్ల సంగతియు నిట్టిదే.

అటుపిమ్మట నూఱేండ్లకుఁ బైగా గడచి, 1922 ప్రాంతమున రేకులు మరల పండితదృష్టిఁ బడినవి. దేవస్థాన శాసనపరిశోధకులగు శ్రీ సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషి యిందు ప్రధానము. ఆయన దేవస్థానశాసనములపై రచించిన నివేదిక 1930లో వెలువడినది. 1935లో పండిత విజయరాఘవాచార్యులవారి సంపాదకత్వమున తాళ్లపాకవారి లఘుకృతుల సంపుటము, తదుపరి సంకీర్తనసంపుటములు ముద్రణము నారంభించినవి. శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) తమ కడపటి యేండ్లను తిరుపతిలో నీ రేకులకే ధారపోసిరి. అన్నమాచార్యచరిత్రమును 1949లో ప్రకటించిరి. శ్రీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979), శ్రీ గౌరిపెద్ది రామసుబ్బశర్మగారు తరువాత నా భారము వహించిరి. మూఁడు తరములవారివియుఁ గలిపి నేఁడు మనకు దక్కినవి ఇంచుమించు 14,000 పాటలు. చిన్నన్న లెక్క యథార్థమే యైనచో అన్నమాచార్యుల పాటలలో సగమునకుఁ బైగా నష్టమైనట్లే.

ఇచట నొక్క చిక్కు కలదు. రాగిరేకు మాటను నిలిపినది. రాగము పేరును నిలిపినది. కాని పాడినతీరును నిలుపలేదు. తాళము పేరు సయితము సామాన్యముగా వ్రాయఁబడలేదు. స్వరసహితముగాఁ జెక్కిన రెండు శిలాఫలకములు తిరుమలలో దొరకినను, అవి శిథిలములు, వానిలోని వస్తువు స్వల్పము. కొండమలహరి, ఆబాలి మొదలగు రాగములపేళ్లు రేకులమీఁద నున్నవి గాని, వానిని పాడువా రెన్నడో పోయిరి. కావుననే రాళ్లపల్లివారు నూఱింటికిఁ బైబడిన పాటలకు స్వయముగా వరుసలు కట్టి స్వరపఱుపవలసివచ్చెను. దేవస్థానమువారి యాస్థానవిద్వత్పదవి లభించిన దినములలోనే, 1979 మార్చిలో, ఆయన పరమపదించుట సంగీతలోకమున నందఱు నెఱిఁగినదే. 1978లో నేర్పడిన అన్నమాచార్య ప్రాజెక్టున శ్రీ గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు (1948–2025) ఆఱువందలకుఁ బైగా పాటలకు వరుసలు కూర్చిరి. నేఁడు ప్రతి దేవాలయమున, ప్రతి పెండ్లిపందిటిలో వినవచ్చు “అన్నమయ్యపాట” యిట్టి మహనీయుల గొంతుననుండి వచ్చినదే. అది మిక్కిలి మధురము. అందు సందేహము లేదు. కాని అన్నమయ్య తంబుర పట్టి యెట్లు పాడెనో యది వేఱు, తిరిగి రానిది.

రాగిరేకునకు లేని యా గుణము లక్కపలకకుఁ గలదు. గొంతునే పట్టి నిలుపును.

హిందూదేశమునకు గ్రామఫోను కంపెనీవారి గాననిపుణుఁడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో వచ్చి కలకత్తాలో గౌహర్‌జాన్ మొదలగు గాయనుల పాటలు పట్టెను. పట్టిన మైనపుపలకలు ఓడమీఁద జర్మనీలోని హానోవరునకుఁ బోయి, అచ్చై, తిరిగి వచ్చెడివి. పాట ముగియఁగానే గాయని తన పేరును ఇంగ్లీషున చెప్పుట ఆ తొలిపలకలలో వినవచ్చును. అది గర్వముచేతఁ గాదు. అచ్చొత్తు జర్మనుకార్మికులకు పలక యెవరిదో తెలియుటకు. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారము నెలకొన్నపిదప నీ సముద్రయానము తప్పినది. కోయంబుత్తూరు తాయి (1872–1917) పలకలు ఫ్రాన్సుదేశమునకుఁ జేరి, మారిస్ డెలాజ్ అను సంగీతకర్త వానిని విని ముగ్ధుఁడై, “రాగమాలిక” యను కృతిని కల్పించెను. చెన్నపట్టణపు వీథిలో నమ్మిన ప్లేటు పారిసునగర సంగీతసభ కెక్కినది.

పలక చేయు విధానమును గొంచెము వివరింపవలెను. ఏలయన వెదకువారి కది యక్కఱకు వచ్చును. 1925కు పూర్వము గాయకుఁడు పెద్ద బాకావంటి గొట్టమునకు మొగమానించి పాడవలసియుండెను. అనంతరము విద్యుద్యంత్రము వచ్చెను. కంఠధ్వని సూదిని గదల్పఁగా, సూది మైనపుబిళ్లపై గీఁత చెక్కును. ఆ మైనమునకు విద్యుత్తుచే లోహపుపూత పట్టింతురు. విచిత్రమేమనఁగా, ఆ పూఁతకు వాడునదియు రాగియే! ఆ విధముగా నేర్పడిన తిరుగుడచ్చునకు “తండ్రి” యని, దానినుండి తీసిన దానికి “తల్లి” యని, తల్లినుండి తీసిన యచ్చుపలకకు “బిడ్డ” వంటి దని ఆ వృత్తివారు పేళ్లు పెట్టుకొనిరి. లక్క, మెత్తని రాతిపొడి, మసి, ప్రత్తిపీచు కలిపి వేఁడిచేసి, యా యచ్చుల నడుమ నొత్తిన ప్లేటగును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది యంగుళముల పలక యొక్కప్రక్క ఇంచుమించు మూఁడు నిమిషములు మాత్రమే పాడును. గంటసేపు పల్లవి పాడు విద్వాంసునకు మూఁడు నిమిషములనిన నెట్టి సంకటమో యోజింపుఁడు. ఒక్కొక్కపాటను రెండు మూఁడుమాఱులు పాడించి, నచ్చిన దానిని మాత్రమే కంపెనీవారు విడుదల చేసెడివారు. తక్కినవానిలోఁ గొన్నిటికి తెల్లచీటి యంటించి, పరీక్షార్థ మొకటి రెండు ప్రతులు తీసి యుంచెడివారు. ఇవియే నేఁడు సేకర్తలు కన్నులలో వత్తులు వేసికొని వెదకు అముద్రితములు.

మన సీమకు వత్తము. కాంచీపురము నాయనాపిళ్ల (1889–1934) పేరు చిత్తూరు, పుంగనూరు ప్రాంతపు సంగీతకుటుంబములలో నేఁటికిని జపమాలవలె వినఁబడును. ఆయన కచేరీని “ఫుల్ బెంచి” యనెడివారు. న్యాయస్థానపు పరిభాషను దెచ్చి సంగీతసభకుఁ దగిలించిన యా చమత్కారి యెవఁడోగాని, పేరు చక్కఁగా నతికినది. ఫిడేలు, మృదంగము, ఘటము, కంజీర, మోర్సింగు, డోలకు, కొన్నక్కోలు, ఇందఱు వరుసదీరి కూర్చుండఁగా, నడుమ నాయనాపిళ్ల తాళము వేయుచు లెక్కలమీఁద లెక్కలు కట్టి పల్లవి పాడును. పుదుక్కోట దక్షిణామూర్తిపిళ్లవంటి మహావిద్వాంసుఁడు ఆ బెంచిలోఁ గంజీర పట్టెను. నేఁటివారు “బ్యాండు” అను మాటకు నిజమైన దక్షిణాది నిదర్శన మిదియే యని మా యభిప్రాయము. ఒక్కఁడు పాడఁగా తక్కినవారు వెంబడించుట గాదు. అందఱు నొక్క లయను పంచుకొని పోరాడుట.

అట్టి నాయనాపిళ్ల గ్రామఫోనుకుఁ బాడ నిరాకరించెను. ఆయన కాలమున నెందఱో విద్వాంసులు పలకల కెక్కిరి. వీణ ధనమ్మాళ్ సయితము తుదకు 1932లో వీణ వాయించి యిచ్చెను. నాయనాపిళ్ల మాత్ర మంగీకరింపలేదు. మూఁడు నిమిషముల డబ్బాలో పల్లవి యిముడదు గదా. ఆయన చేసినది గొప్పపనియే యని మెచ్చుకొనువారు పలువురు కలరు. మేము మెచ్చుకొనలేము. ఆయన 1934లో గతించినపుడు, ఫుల్ బెంచి కచేరీ యెట్లు ధ్వనించెనో వినుటకు భావితరములకు దారి మూసికొనిపోయినది. ఆయన సంగీతము నేఁడు వినఁగోరువారు శిష్యుల గొంతులలోనే వెదకుకొనవలెను. బాల్యమునఁ గొంతకాలమాయనయొద్ద నేర్చిన టి. బృంద ముద్రికలలో, ఆయనను మానసగురువుగాఁ దలఁచిన డి.కె. పట్టమ్మాళ్ పల్లవులలో, అన్నిటికంటె నెక్కువగా మన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్లగారి పాటలో.

సుబ్రహ్మణ్యపిళ్లగారు 1898లో పుంగనూరున జన్మించిరి. తండ్రి హరికథకులు. కాంచీపురమున గురుకులవాసము చేసి నాయనాపిళ్లకు ప్రధానశిష్యులైరి. గురువు వలదన్న దానిని శిష్యుఁడు చేసెను: పలకల కెక్కెను. ఆనందభైరవిలో “మధురానగరిలో” అను ఆయన ప్లేటు దక్షిణదేశమంతట మ్రోఁగినది. కాఫీహోటళ్లలో, పెండ్లిపందిళ్లలో, కిరాయి గ్రామఫోను పెట్టెలలో నది యరిగి గరగరలాడువఱకుఁ బాడింపఁబడినదని మా పెద్దలు చెప్పుచుండఁగా వినియున్నాము. 1954లో మదరాసు సంగీతవిద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదముతో సత్కరించిరి. అన్నామలై విశ్వవిద్యాలయమునను, తిరుపతి శ్రీవేంకటేశ్వర సంగీతకళాశాలయందును, సింహళమున యాళ్పాణపు రామనాథన్ కళాశాలయందును బోధించిరి. మదురై సోమసుందరము ఆయన శిష్యుఁడే. 1975లో గతించిరి. ఆ మూఁడు నిమిషముల పాటలో లయపై గురువు వేసిన ముద్రను గుర్తించుటకు గొప్ప పాండిత్య మక్కఱలేదు. తొడపై చేయి పెట్టి తాళము వేసి చూచిన చాలును. నాయనాపిళ్ల పాటకు మిగిలిన సాక్ష్యములలో నిది ముఖ్యమైనది. కావున నీ పలకలు ఒక గాయకుని జ్ఞాపికలు మాత్రమే కావు.

రంగస్థలము సంగతి సంక్షేపముగాఁ జెప్పెదము. చిత్తూరు రామవిలాససభ నాటకములలో స్త్రీపాత్రములు ధరించి పేరొందిన యువకుఁ డొకఁడు తరువాత చలనచిత్రములకుఁ బోయి, 1938 గృహలక్ష్మితో నారంభించి, భక్తపోతన, త్యాగయ్య (1946), యోగివేమనలచే నాంధ్రలోకమునకు ప్రత్యక్షదైవమైనాఁడు. ఆయన పుట్టినది రేపల్లె యైనను ఊరిపేరు చిత్తూరే నిలిచినది. ఆయనయే శ్రీ చిత్తూరు నాగయ్యగారు (1904–1973). ఆయన సినిమాపాటలు సులభముగా దొరకును. నాటకసమాజముల పద్యముల ప్లేట్లే దుర్లభములు. ఏలయన సినిమా తిరిగి తిరిగి వచ్చును. నాటకము ఆడినవారితోఁ బోవును.

మేము కొన్నియేండ్లుగా చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, తిరుపతి, సరిహద్దుకావల వేలూరు తిరిగితిమి. సంఘసభ్యులు పలువురు తమ యిండ్ల తలుపులు తెఱచి, యటుకలు చూపిరి. వారికి మా కృతజ్ఞత. తోడ్పడిన సామగ్రులలో మొదటిది చిన్న పాటలపుస్తకములు. ప్లేట్లతోపాటు కంపెనీవారు పాటల మాటలను ముద్రించి పంచెడివారు. ప్లేటు విఱిగినను పుస్తకము మిగిలినచోట్లు కలవు. రెండవది పలకమీఁది యంకె. మధ్యనున్న రంగుచీటి చిరిగినను, చీటికిని గీఁతలకును నడుమనున్న నున్నని పట్టెపైఁ జెక్కిన యంకె చెడదు. సందు వెలుతురున నేటవాలుగాఁ బట్టి చూచిన కనఁబడును. కంపెనీ జాబితాలతో దానిని సరిచూచినచో పాట యెవరిదో, యెప్పటిదో తేలును. ఆస్ట్రేలియాదేశస్థుఁ డగు మైకేల్ కిన్నియర్ మన దేశపు తొలిముద్రికల జాబితాలను ఏండ్లతరబడి శ్రమించి గ్రంథస్థము చేసెను. తెలుఁగువారిలో శ్రీ వి.ఏ.కె. రంగారావుగారు వేలకొలఁది పలకలను స్వంతధనము వెచ్చించి సేకరించి, వానిలోని వస్తువును గూర్చి వ్రాసి వినిపించి యీ విద్యకు గౌరవము దెచ్చిరి. అట్టి యొక్కరి యభిరుచి లేకున్న మన పాటలలో నెన్నియో పాతసామానులవాని తక్కెడలో తూఁగియుండెడివి.

మేము చూచినంతలో పలకల శత్రువులు మూఁడు. మొదటిది బీదతనము కాదు, గృహపరిశుభ్రత! పండుగకు వెల్లవేయునపుడు అటుక దింపి, “పాడని ప్లేట్లు” అని పాఱవేయుదురు. మదనపల్లె చెంత నొక యింట నేఁబదికిఁ బైగా ప్లేట్లను వేఁడినీటిలో మెత్తపఱచి పూలకుండులుగా వంచియుండిరి. వానిలో నొకదాని యడుగున నాటకపద్యపు చీటి యింకను కనఁబడుచుండెను. రెండవ శత్రువు సద్బుద్ధితోఁ జేయు శుభ్రము. లక్క సారాయిలోఁ గరఁగును; స్పిరిటుతోఁ దుడిచిన ప్లేటు పాటతోఁగూడ తుడుచుకొని పోవును. చల్లని నీటిలోఁ దడిపి పిండిన మెత్తనిగుడ్డ చాలును. మూఁడవది ఉక్కుసూది. ఆ సూదిని ప్రతిప్రక్కకు మార్చవలెనని కంపెనీవారు మొదటినుండి చెప్పుచుండినను, మన పిసినారితనమున నొక్కసూదితో నెలలు గడపితిమి. ఇంకొకటి యుద్ధము. రెండవ ప్రపంచయుద్ధమున లక్క యుద్ధసామగ్రి కక్కఱపడి, 1942లో అమెరికా ప్రభుత్వము ప్లేట్లకు వాడు లక్కను నూటికి 70 పాళ్లు తగ్గింపుమని శాసించెను. లోకమున కా లక్కను బంపినది మన దేశమే.

ఆకాశవాణి సంగతియు నిట్టిదే. చెన్నపట్టణపు ఆకాశవాణి కేంద్రము 1938లోను, బెజవాడ కేంద్రము 1948లోను నెలకొన్నవి. మొదట నంతయు ప్రత్యక్షప్రసారమే. తరువాత టేపులు వచ్చినను, అవి ఖరీదైనవి గావునఁ దుడిచి మరల వాడుట పరిపాటి యాయెను. ఇంటియొద్ద రేడియోనుండి పట్టుకొన్న కచేరీ టేపులు కొన్ని మన సభ్యుల యిండ్లలోనే యున్నవి. వానిమీఁది గోధుమరంగు పూఁత యేటేట రాలిపోవుచున్నది. లక్కపలక నూఱేండ్లు నిలుచును. టేపు నలువదేండ్లకే ముసలిదగును. క్రొత్తవస్తువు పాతదానికంటె ముందుగాఁ జచ్చు నీ విపరీతమును మా పోషకులు గమనింపఁ గోరెదము.

కొందఱు పెద్దలు, “ఈ పాటలు కంపెనీవి గదా, మనము ప్రతులు తీసిన చట్టవిరుద్ధము గాదా” యని యడిగిరి. 1957 గ్రంథస్వామ్యచట్టము ననుసరించి, ప్రకటితమైన ధ్వనిముద్రికకు స్వామ్యము ప్రకటించిన మఱుసటి యేఁడు మొదలు 60 సంవత్సరములు. కావున మనము వెదకు పాతప్లేట్లలో దాదాపన్నియు నేఁడు ప్రజల సొత్తు. అభ్యంతర మది గాదు, వ్యయము. మంచి యంత్రముపైఁ దగిన సూదితో నొక్కమాఱు పాడించి కంప్యూటరునకు నెక్కించి, మూఁడుచోట్ల భద్రపఱచుటకుఁ గావలసిన సొమ్ము మన మహాసభలో నొక పందిరికగు వ్యయమునకు మించదు. పందిరి మూఁడుదినములకు విప్పుదురు.

మేము తిరిగిన యూళ్లలో దొరకిన వస్తువులలో నొక్కదానిని గూర్చి ప్రత్యేకముగాఁ జెప్పవలసియున్నది. శ్రీకాళహస్తి తాలూకాలో, దేవాలయపు మేళమువారి కుటుంబ మొకదానియింట, ధాన్యపుగాదె వెనుక చాపలో చుట్టిన పలక యొకటి లభించినది. చీటి తెల్లనిది. దానిపైఁ గంపెనీ పేరు లేదు, పాట పేరు లేదు. సీసపుగీఁతతో నొక యంకె మాత్రము వ్రాయఁబడినది. అంచునుండి మధ్యకు వెండ్రుకవాసి బీట. ఆ యింటివారు వెలకు ఇయ్యమనిరి. మేమును గోరలేదు. తాతగారు పట్టణమునకుఁ బోయి వాయించి వచ్చి, ప్లేటు బయటికి రాకపోఁగా, కంపెనీవారు పంపిన యీ యొక్కప్రతిని పూజగదిలో నుంచెనని ఇంటిపెద్దామె చెప్పెను. ఆమె యెదుటనే, తేలిక సూది గల యంత్రముపైఁ బాడించి పట్టితిమి. రెండు నాదస్వరములు, రెండు డోళ్లు, శ్రుతిపెట్టె, తాళము. మూఁడు నిమిషముల పదునైదు సెకనులు. గంభీరనాటలో ఉత్సవవిగ్రహము కదలునపుడు వాయించు మల్లారి. బీట తగిలినపుడెల్ల టక్కుమను చప్పుడు వచ్చును. రెండుమాఱులు విన్నపిదప నది తాళములో భాగమో యనిపించును. రెండవ నాదస్వరము వాయించినవాఁడు మొదటివానికి వెనుకఁబడక, తారస్థాయిలో నొక్కచోట ముందునకు దూఁకును. అచ్చట డోలుకాఁ డొక్కడు “శభాష్” అని యఱచుట స్పష్టముగా వినఁబడుచున్నది. కంపెనీవారు దీనిని విడుదల చేయకుండుట కా కేకయే కారణమై యుండునని మా యూహ. మాకు మాత్రము పలకయంతటిలో నదియే ప్రియము.

ఆ పెద్దామె తన తాత వాద్యమును అంతకుముందు వినలేదు. ఆయన పోయిననాఁటి కామె పుట్టలేదు. మల్లారి ముగిసినవెంటనే మరల పెట్టుమని కోరలేదు; యంత్రము దగ్గఱకు వచ్చి, “శభాష్ అన్నదెవ్వరో తెలిసినదా?” అని మమ్మే యడిగెను.

ఈ మహాసభ రెండవదినము సాయంకాలము, ఉపన్యాసములకు ముందుగా, ఆ మూఁడు నిమిషముల పదునైదు సెకనులను సభాస్థలమున వినిపించుటకు ఇంటివారి యనుమతి యైనది. కాళహస్తి, నాగలాపురము, నారాయణవనము, తిరుచానూరు దేవస్థానములలో పూర్వము మేళము వాయించిన కుటుంబములవారు ముందువరుసలో నాసీనులు కావలెనని ప్రార్థించుచున్నాము. వాయింపుబాణిని బట్టి రెండవ నాదస్వరము, డోలు ఏ యూరివారివో గుర్తింపఁగలవా రున్నచో సభానంతరము మాతో మాటలాడుదురు గాక. పలకమీఁది యంకెను సభామండపద్వారమున పెద్దయక్షరములతో వ్రాసి యుంచెదము.